ఉడుకు గుంటల నెల

మోకాళ్ళ నొప్పులని, నడుము నొప్పని ఎవరన్నా మా ఇంటికొచ్చి, "ఆ గోదారి ఉడుకు నీళ్ళు నిజంగనే పనిచేస్తయా జమ్లక్కా?" అని అడిగితే మా అత్త అవునని అనదు, కాదని అనదు. ముందు "షుగర్ ఉన్నదా?" అంటది. తర్వాత "బీపీ?" అంటది. ఆ తర్వాత చేతులు, కాళ్ళు చూపియ్యమంటది. పెద్ద దవాఖానాల డాక్టరు కూడా అంతసేపు చూడడు. అన్నీ చూసినంక, "పో, మంచిగ పనిచేస్తది. కాని పది నిమిషాలే. హాయిగున్నదని అండ్లనే కూసుంటే ఉడికిపోతవ్. లేచినంక ఊకె పండుకోకు, కీళ్ళు కదపాలె," అంటది. బడి మొఖం చూడని మనిషి ఇంత వైద్యం ఎక్కడ నేర్చింది అని అందరూ నోరు తెరుస్తరు. నేను మాత్రం తల దించుకుంట. ఎందుకంటే అదంతా ఆమె నేర్చుకున్నది నేను చేసిన తప్పు వల్ల.

నా పేరు సువర్ణ. టేకులపల్లిల ఒక ప్రైవేటు స్కూల్‌ల మూడో తరగతికి చెప్త. మాది అక్కడికి దగ్గరల్నే ఒక తండా. మా ఆయన కోటేష్ లైన్‌మన్. మామ హాతీరాం, అత్త జమ్లి ఇద్దరూ మూడెకరాల మిర్చి చేసేటోళ్ళు. ఇంట్ల మేం మాట్లాడుకునేది మా గోర్ మాట, అదే లంబాడీ భాష. మీకోసమని తెలుగుల చెప్తున్న.

నాలుగేండ్ల కింద, మిర్చి కోతలు అయిపోతున్నప్పుడు అత్త కుడి భుజం పట్టేసింది. మొదట బస్తా లేపితే నొప్పన్నది. తర్వాత కొంగు నెత్తి మీదికి లాక్కుంటే నొప్పన్నది. ఉగాది నాటికి చెయ్యి ఛాతి దాక కూడ లేవలే. జడ నేను వేస్తున్న, రవిక నేను తొడుగుతున్న. అన్నం మాత్రం కలిపి పెడతానంటే ఒప్పుకోలే. ఎడమ చేత్తో తినేది ఎవరూ చూడొద్దని గోడ దిక్కు తిరిగి కూసునేది. ఆ వీపు చూడలేక నేను వాకిట్లకు పోయేదాన్ని. అట్లని మా ఇద్దరికి మస్తు ప్రేమ అనుకోకుర్రి. పెండ్లయిన నాటి సంది "బలియాలు ఎందుకు వేసుకోవే, నీకు మొగుడు లేడా?" అని ఆమె, "బ్లాక్‌బోర్డు మీద రాయనియ్యవు అయి," అని నేను, పొద్దున లేస్తే అదే లొల్లి.

బలియాలంటే మోచేతి పైన భుజం దాక వేసుకునే తెల్ల గాజులు. మా దిక్కు ముసలోళ్ళ చేతులకు చూసే ఉంటరు. అత్తవి చేతికి తొమ్మిది చొప్పున ఉండేటియి. ఏనుగు దంతమని వాళ్ళ నాయన చెప్పిండట. నాకు తెలిసి ఎముకవి. పెండ్లినాడు ఎక్కితే మొగుడు పోయిననాడే దిగుతయి. మధ్యల తీసుడు అనే మాటే లేదు.

ఖమ్మం దవాఖానాల అదే పంచాయితీ అయింది. ఫిజియోథెరపీ చేసే రాజ్యశ్రీ మేడం మంచి మనిషి, సత్తుపల్లి వైపామె. అత్త చెయ్యి పట్టుకుని ఓపిగ్గా చెప్పింది. "అమ్మా, భుజం లోపల బిగుసుకుపోయింది. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ. ముందు వేడి పెడితే కండ వదులవుతుంది. వదులైనప్పుడే మెల్లగా కదపాలి. గోడ మీద బల్లి పాకినట్టు రోజూ వేళ్ళు పైకి పాకించాలి. కానీ ముందు ఈ గాజులు తీయాలి. చెయ్యి వాచి ఉంది, ఇవి పట్టేస్తున్నాయి."

అత్త కుర్చీల నుంచి లేచింది. "గాజులు తీసుడా? మా ఆయన బయట బెంచి మీద కూసున్నడు. పోయి చూసి రా, బతికే ఉన్నడు!" అన్నది.

"అమ్మా, వానాకాలంలోగా కదలకపోతే ఇక ఆ చెయ్యి అంతే. తర్వాత మత్తిచ్చి బలవంతంగా కదపాలి. ఇంత షుగర్‌తో అదీ కష్టమే," అన్నది మేడం.

"చెయ్యి పోతే పోనియ్యి. ఆయన ఉంటే చాలు," అని అత్త బయటికి నడిచింది. బెంచి మీద కూసున్న మామ, "ఏమన్నరు?" అని అడిగితే, "నువ్వు చావాల్నంట," అన్నది. ఆయన "ఇయ్యాల్నేనా, రేపా?" అన్నడు. మామ అసోంటి మనిషి. ఇంత పొడుగు, ఇన్నే మాటలు. ఆ మాటల్ల సగం పరాచికాలే.

ఉడుకు నీళ్ళ ముచ్చట చెప్పింది మా తండా ట్రాక్టర్ పూల్‌సింగ్. భద్రాచలం దాటినంక గోదారి ఇసుకల గుంట తీస్తే నీళ్ళు పొగలు కక్కుకుంట వస్తయని, కిందటేడు తన నడుము అక్కడే మంచిగయిందని చెప్పిండు. మేడం చెప్పిన వేడి ఇదే గదా అని నాకనిపించింది. గాజులు తీయమనేటోళ్ళు ఎవరూ ఉండరని అత్తకనిపించింది. నాకు బడి సెలవులు. మే మొదటి వారంల మేం ముగ్గురం ఒడ్డు మీద ఊర్ల రేకుల గది ఒకటి కిరాయికి తీసుకున్నం.

ఆ ఇసుక గురించి ఎంత చెప్పినా తక్కువే. పొద్దుగాల ఐదింటికి గోదారి పాయ ఎక్కడో అవతల సన్నగ మెరిసేది. ఇవతల కిలోమీటరు పొడుగు ఇసుక. అండ్ల అక్కడక్కడ తెల్లగ ఆవిర్లు లేసేటియి. ఉడుకు గుంట పక్కనే ఇంకొకటి తీస్తరు, అది చల్లనీళ్ళ గుంట. రెండూ కలుపుకుని స్నానం. మొగోళ్ళ గుంటలు కింది దిక్కు, ఆడోళ్ళవి మీది దిక్కు, మధ్యల చీరలు కట్టేటోళ్ళు. గుంట తీసినోళ్ళు ముందు పక్కోళ్ళకు ఒక బిందె ఉడుకు నీళ్ళు ఇచ్చి ఆ తర్వాతే దిగాలె. అది అక్కడి పద్ధతి. ఎవరు పెట్టిన్రో ఎవరికీ తెల్వది. కొందరు గుంట మీద వెదురు బద్దలు వంచి టార్పాలిన్ కప్పి ఆవిరి గుడిసె చేసేటోళ్ళు. వంగి లోపలికి పోతే కొండ గుహల కూసున్నట్టే ఉండేది. ఒక్క నిమిషంల నెత్తి నుంచి చెమట కారేది, ముక్కు తెరుచుకునేది, వాసన కొంచెం గంధకం తీరు ఉండేది. నేను ఊకనే పోయి కూసున్నా బయటికొచ్చేసరికి ఒళ్ళు దూదయ్యేది.

మొదటిరోజే పక్క గుంటామె కొర్రి పెట్టింది. ఆమె జూలూరుపాడు దిక్కు తండా నుంచి వచ్చింది. "అక్కా, బలియాలతోటి దిగుతున్నవా? మా మేనత్తవి ఈ నీళ్ళల్లనే రెండు పటుక్కుమని పగిలినయి," అన్నది.

అత్త కాలు వెనక్కి తీసింది. గాజు తనంతట తనే పగిలితే మొగునికి గండమని మా దాంట్ల ఒక నమ్మకం. ఇంత దూరం వచ్చి ఇగ ఈమె దిగదు అని నాకర్థమయింది. అప్పుడు నా తెలివి పనిచేసింది. మండ, ఎందుకు పనిచేసిందో! గదికి ఉరికిపోయి యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ కవరు కోసి తెచ్చిన. బడి పిల్లల పుస్తకాలకు అట్టలు వేసినట్టు, నీళ్ళు పోకుండ రెండు చేతుల బలియాల మీద మడతలు పెట్టి చుట్టిన. పైన, కింద గుడ్డపేలికలతో గట్టిగ కట్టిన. కుడి చెయ్యి వాచి ఉన్నది గనుక జారకుండ ఇంకో ముడి ఎక్కువ వేసిన.

"మా కోడలు టీచరు," అని అత్త ఆ జూలూరుపాడామెకు చెప్పింది. నా గురించి ఆమె గట్ల మురిసిపోంగ వినుడు అదే మొదలు. నాకు రెక్కలొచ్చినయి.

ఐదు రోజులు పండుగలెక్క పోయినయి. అత్త రాత్రిపూట మూలుగకుండ పండుకున్నది. చెయ్యి ఛాతి దాటి ఒక జానెడు లేసింది. చీర అవతల నుంచి మామ, "ఉడికిందా జమ్లీ? దించాల్నా?" అని అరిచేటోడు. "ఇంకొక పొంగు రావాలె," అని ఈమె ఇవతల నుంచి అరిచేది. గుంటలల్ల ఉన్న ఆడోళ్ళంతా నవ్వేటోళ్ళు. నలభై ఏండ్ల కాపురంల వాళ్ళిద్దరు పొలం పని లేకుండ, పిల్లలు లేకుండ ఒక్కదగ్గర ఉన్నది అదే మొదటిసారట.

ఆరోనాడు అత్త ఆవిరి గుడిసెల చాలాసేపు కూసున్నది. రెండుసార్లు పిలిచిన. "నొప్పి పోతున్నది పిల్లా, ఇంకొంచెంసేపు," అన్నది. బయటికొచ్చినంక "చెయ్యి మొద్దుగున్నది," అన్నది. మంచిగ వదులైంది కాబోలు అనుకున్న. తువ్వాలతో చెయ్యి తుడుస్తుంటే వేళ్ళు సల్లగ తగిలినయి. గోర్లు నీలంగున్నయి. ముడులు పళ్ళతోటి పీకి కవరు తీసిన. లోపల చెమట, ఆవిరి పట్టి చెయ్యి ఉడికినట్టయింది. బలియాల మధ్యల తోలు ఉబ్బి బొబ్బలు లేసినయి. గాజులు కండల దిగిపోయినయి. షుగర్ మనిషి గదా, కాలింది ఆమెకు తెల్వనే తెల్వలే.

"మామా!" అని నేను అరిచిన అరుపుకు ఇసుకంతా అటే చూసింది.

పక్కోళ్ళు చేరిన్రు. భద్రాచలం దవాఖానాకు పోవాలంటే ఇసుక దాటాలె, రోడ్డెక్కాలె, ఆటో దొరకాలె, గంటకు తక్కువ కాదు. "అప్పటిదాక ఆగితే వేళ్ళు నల్లబడుతయి, గాజులు కోసెయ్యుర్రి," అని ఒకాయన అన్నడు. ఇసుక కోసం వచ్చిన ట్రాక్టర్ డ్రైవరు తన పెట్టెల నుంచి రంపం బ్లేడు తెచ్చిండు. అత్త ఆ బ్లేడు చూసి చెయ్యి ఒళ్ళో దాచుకున్నది. "నన్ను ముట్టుకుంటే ఊకోను. చెయ్యి నరకుర్రి, గాజులు కోయకుర్రి," అన్నది. నేను ఏడుస్తున్న. కాళ్ళు పట్టుకున్న. నన్ను చూడనన్నా చూడలే.

మామ వచ్చి ఆమె ముందర ఇసుకల కూసున్నడు. డ్రైవరు చేతుల నుంచి బ్లేడు తీసుకున్నడు.

"జమ్లీ, చెయ్యి ఇయ్యి."

"వద్దు. తీస్తే నీకేమన్నా అయితది."

"అయితే నాకైతది గదా. నీకేంది?"

"నీకు పరాచికాలే..."

"పరాచికం కాదు. నేను ఈడనే కూసున్న. నువ్వు నా మొఖమే చూసుకుంట ఉండు. నాకేమన్నా అయితే అందరికంటే ముందు నీకే తెలుస్తది."

ఒళ్ళో దాచుకున్న చెయ్యి ఆమె బయటికి తీసి ఇచ్చింది.

చెంచా కాడ గాజు కింద దూర్చి, తోలుకు తగలకుండ, మామ మెల్లగ కోసిండు. నేను సల్లని నీళ్ళు పోసిన. మొదటిది తెగినప్పుడు అత్త చేతి దిక్కు చూడలే. చెప్పినట్టే ఆయన మొఖం చూసింది. ఆయన ఒక కన్ను కొట్టిండు. రెండోది. మూడోది. తొమ్మిది తెగేసరికి ఎండ చురుక్కుమన్నది. వేళ్ళకు మెల్లగ ఎరుపు తిరిగింది. అప్పుడు మామ ఎడమ చెయ్యి పట్టుకున్నడు.

"దానికేం కాలే, దాన్ని ఉంచు," అన్నది అత్త.

"ఒక చెయ్యికి మొగుడు ఉండి, ఒక చెయ్యికి లేకుంట ఉంటదా? రేపు నేను ఎటు పక్క పండుకోవాలె?" అన్నడు మామ.

ఏడ్చుకుంటనే ఆమె నవ్వింది. చుట్టు ఉన్నోళ్ళు కూడ నవ్విన్రు. నేనొక్కదాన్నే నవ్వలేకపోయిన. రెండు చేతులవీ తీసినంక చూస్తే, బొబ్బలు లేని చోట నలభై ఏండ్లు ఎండ తగలని ఆ కాస్త తోలు పసిపిల్ల ఒంటి తీరు తెల్లగ ఉన్నది. అత్త దాన్ని తువ్వాల కింద దాచుకున్నది. మామ ఆ ముక్కలన్నీ ఏరి గోదారి పాయల వదిలి వచ్చిండు.

దవాఖానాల కట్టు కట్టిన్రు. వారం రోజులు నీళ్ళు తగలొద్దన్నరు. నేను రాజ్యశ్రీ మేడానికి ఫోన్ చేసి జరిగింది మొత్తం చెప్పిన. తిడుతదనుకున్న, తిట్టింది కూడ. "వేడి నీళ్ళు మందేనమ్మా, కాదనను. రక్తం బాగా ఆడుతుంది, కండరాలు, కీళ్ళు వదులవుతాయి, నిద్ర పడుతుంది. కానీ షుగర్ మనిషికి వేడి తెలియదు. నీళ్ళు నువ్వు ముందు మోచెయ్యి పెట్టి చూడాలి. పది నిమిషాలు దాటకూడదు. లేవగానే మంచినీళ్ళు తాగించాలి. అసలు పని ఆ తర్వాత ఉంది, చెయ్యి కదపడం. వేడి తలుపు గడియ తీస్తుంది అంతే, లోపలికి నడవాల్సింది మనమే," అన్నది.

పుండ్లు మానినంక మళ్ళ గుంటకు పోయినం. ఆవిరి గుడిసె దిక్కు అయితే నేను చూడను కూడ చూడనియ్యలే. మోచేతితో నీళ్ళు చూసుడు నా పని, ఫోన్ల టైము చూసుడు నా పని. పది నిమిషాలకు "లే అత్తా," అంటే లేవాలె. అన్నీ మంచిగనే ఉన్నయి గాని ఒక చిక్కొచ్చింది. వేళ్ళు పాకించనీకి గోడ కావాలె గదా, ఆ ఇసుకల గోడ ఎక్కడ దొరుకుతది? గదికి నడిచిపోయేసరికి కండ మళ్ళ బిగుసుకుంటున్నది.

"నేను లేనా?" అని మామ వెనక్కి తిరిగి నిలబడ్డడు.

అట్ల మొదలైంది. ఆయన గోడ తీరు నిలబడేటోడు. ఈమె ఆయన నడుము దగ్గర వేళ్ళు పెట్టి, ఒక్కొక్క వేలు మీదికి పాకించేది. నొప్పికి బూతులు తిట్టేది. అన్నీ మామకే తగిలేటియి. "ఎందాక వచ్చిన?" అని అడిగేది. "ఇంకా పొలం గట్టు మీదనే ఉన్నవ్, ఇల్లు దూరం," అనేటోడు. ఒక వారానికి వీపు మధ్యకొచ్చింది. తర్వాత రెక్క ఎముక దగ్గర నాలుగు రోజులు ఆగిపోయింది, ఎంత ఏడ్చినా ఎక్కలే. ఆ నాలుగు రోజులు మా గదిల ఎవ్వరం సక్కగ తినలే. ఐదోనాడు మెడకొచ్చింది. మామకు చక్కిలిగిలి. ఇంత పొడుగు మనిషి మెలికలు తిరుగుతుంటే గుంటల ఉన్న ఆడోళ్ళు కూడ తొంగి చూసేటోళ్ళు. "గోడ కదులుతున్నది, నేనెట్ల ఎక్కాలె!" అని అత్త గయ్యిమనేది.

జూన్ల ఒకనాడు పొద్దున మబ్బు పట్టింది. మీద ఎక్కడో వానలు పడ్డయి, పాయ ఉబ్బుతున్నది, ఇగ రెండు మూడు రోజులల్ల గుంటలన్నీ మునుగుతయన్నరు. ఆ రోజు అత్త చెవి దాటింది. ఆగింది. ఊపిరి పీల్చి మళ్ళ పాకింది. ఆయన నెత్తి మీద అరచెయ్యి ఆనించింది.

"వచ్చిన," అన్నది.

మామ ఒక్క పరాచికం కూడ ఆడలే. అట్లనే నిలబడ్డడు. సన్నగ చినుకులు మొదలైనయి. నేను బట్టలు, బిందెలు సదురుతున్నట్టు నటించుకుంట అటు తిరిగిన.

తండాకు వచ్చినంక చూడాలె మా కథ. అత్త బోసి చేతులు చూసి ఆడోళ్ళు నోటి మీద చెయ్యేసుకున్నరు. "బతికున్న మొగునికి ఇంత అపచారమా!" అన్నరు. మా పక్కింటి సంగీత అయితే పెండ్లి పిలుపుకు మా గడప దాక వచ్చి నాకే బొట్టు పెట్టి పోయింది, అత్తకు పెట్టలే. అత్త ఆ ఎండలల్ల కూడ పొడుగు చేతుల రవికలు కుట్టించుకున్నది. మామ మాత్రం మంచం వాకిట్ల వేసుకుని కూసునేటోడు. వచ్చేపోయేటోళ్ళను పిలిచి, "నేను ఉన్ననా లేనా? అనుమానముంటే గిచ్చి చూడుర్రి," అనేటోడు. చెయ్యి మంచిగయినంక కొత్త బలియాలు వేయిస్త పద అని ఒకనాడు ఆయనే అడిగిండు. "ఇప్పుడే గదా ఊపిరాడుతున్నది, ఉండనియ్యి," అన్నది ఆమె. ఆ మాటతో మా ఇంట్ల బలియాల లొల్లి ఆగిపోయింది. ఆమె నన్ను మళ్ళ ఎన్నడూ ఆ మాట అడగలే.

మళ్ళ మిర్చి కోతలొచ్చినయి. ఫిబ్రవరిల ఒక పొద్దున, చేను నుంచి వచ్చి నీళ్ళు తాగి, నీడకు ఒరిగిన మామ ఇగ లేవలే. గుండె అన్నరు. ఎవరి చేతులా పడకుండ, ఎవరినీ కష్టపెట్టకుండ పోయిండు.

ఆ మూడు రోజులు నేను భయంతోనే ఉన్న. ఏడుపు తర్వాత సంగతి. మూడోనాటి దినం నాడు గాజులు తీయనీకి తండా పెద్దామెలు వస్తరు. ఆ పద్ధతి ఎట్లుంటదో నేను చిన్నప్పుడు మా నాయనమ్మప్పుడు చూసిన. నలుగురు పట్టుకుంటరు. ఆమె విడిపించుకుంటది. వాళ్ళు గుంజుతరు. ఇప్పుడు వాళ్ళొచ్చి బోసి చేతులు చూసి ఏమంటరో నాకు తెలుసు. ముందే తీసినవు గనుకనే పోయిండు అంటరు. ఆ మాటకు అసలు జవాబుదారు నేను. ఆ కవరు చుట్టింది నేను. ఆ మాట అంటే నన్నే అనుర్రి అని చెప్పాలనుకుని అత్త పక్కకు పోయి కూసున్న.

నలుగురొచ్చిన్రు. సంగీత కూడ ఉన్నది. పెద్దామె అలవాటుగ అత్త చెయ్యి పట్టుకుని రవిక చెయ్యి పైకి జరిపింది. జరిపి ఆగిపోయింది. మిగిలినోళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. నేను నోరు తెరవబోయిన. అత్త నా మోకాలు మీద చెయ్యి వేసి ఆపింది.

"ఏం లేవు, చూసుకోర్రి," అన్నది ఆమె. గొంతు పోయి ఉన్నది గాని మాట మాత్రం నిదానంగ ఉన్నది. "మీ అందరి మొగుళ్ళు ఆ పని పక్కోళ్ళకు పెట్టి పోతరు. నా మొగుడు తనే కూసుండి, నా మొఖం చూసుకుంట, నన్ను నవ్వించుకుంట తీసిండు. నన్ను ఇంకెవ్వరూ ముట్టుకునే పని లేకుంట చేసి పోయిండు."

పెద్దామె ఆ రవిక చెయ్యి మెల్లగ కిందికి దించి, సదిరి, అత్త పక్కనే కూసున్నది.